పూల బూజుకు మందు కన్నా గాలి ముఖ్యం

సంపాదకుల వారికి,

పెళ్లి ముహూర్తాలూ చలి రాత్రులూ ఒకేసారి వస్తాయి. పాలీహౌస్‌లో (ప్లాస్టిక్ షీటు కప్పిన పందిట్లో) పెంచే గులాబీ, జెర్బెరా పూల కట్టలు ఎక్కువగా పాడయ్యేదీ అప్పుడే. పొద్దున నిగనిగలాడుతూ కోసిన మొగ్గ, మార్కెట్లో పెట్టె విప్పేసరికి రెక్కల మీద సూదిమొనంత మచ్చలతో కనిపిస్తుంది. మర్నాటికి మచ్చలు గోధుమరంగుకు తిరిగి, రెక్క మెత్తబడి, బూడిదరంగు నూగు లేస్తుంది. రైతు వ్యాపారిని అంటాడు, వ్యాపారి బండివాణ్ణి అంటాడు. తెగులు మాత్రం చాలాసార్లు తోటలోనే అంటుకుని ఉంటుంది.

ఇది బొట్రైటిస్ అనే శిలీంధ్రం వల్ల వచ్చే బూడిదరంగు బూజు. పేరు దగ్గరగా ఉండటంతో దీన్ని బూడిద తెగులనుకుని గంధకం కొడుతున్నారు. అది వేరు, ఇది వేరు. బూడిద తెగులు ఆకు మీద తెల్లటి పిండిలా పరుచుకుంటుంది, దానికి ఆకు తడవనక్కర్లేదు. బొట్రైటిస్ బీజం మొలకెత్తాలంటే రెక్క మీద కొన్ని గంటలు తడి నిలవాలి, లేదా గాలి తేమతో నిండిపోవాలి. 15–20 డిగ్రీల చల్లదనం దానికి అనుకూలం. సాయంత్రం పక్క తెరలన్నీ దించేసిన పాలీహౌస్‌లో తెల్లవారుజామున చూడండి, పైషీటు నుంచి నీటిబొట్లు మొగ్గల మీద రాలుతుంటాయి. బూజు మందుల్లో ఏళ్ల తరబడి ఒక్క కార్బెండజిమ్‌నే కొడితే ఆ మందుకు లొంగని బూజే మిగులుతుంది.

పై కిటికీ రాత్రి కూడా కొంత తెరిచి ఉంచాలి. నీళ్లు పొద్దునే, డ్రిప్‌తోనే. బూజు పట్టిన పువ్వుకు ముందు కవరు తొడిగి, తర్వాత కాడ తెంచాలి. ఉత్త చేత్తో తెంచితే బీజాలు దుమ్ములా లేచి పక్క మొక్కలకు పడతాయి. కోసిన గులాబీ మొగ్గలను క్లోరిన్ నీళ్లలో 10 సెకన్లు ముంచవచ్చు: లీటరు నీటికి 5 శాతం సోడియం హైపోక్లోరైట్ 4 మి.లీ. ముందు నాలుగు కాడల మీద పరీక్షించాలి, రంగు చెడకపోతేనే మిగతావి. ఏ రోజు నీళ్లు ఆ రోజే కలపాలి, ఆకులూ మట్టీ పడితే క్లోరిన్ పని చేయదు. మొగ్గ పూర్తిగా ఆరకముందే కట్ట కడితే శ్రమంతా వృథా.

శీతల గది ఈ బూజును చంపదు. 2 డిగ్రీల దగ్గర కూడా అది మెల్లగా పాకుతూనే ఉంటుంది. వెచ్చగా ఉన్న కట్టను పాలిథిన్‌లో చుట్టి లోపల పెడితే కవరుకు చెమట పడుతుంది. అందుకే ముందు విడిగా చల్లార్చి, తర్వాతే చుట్టాలి.

పాలీహౌస్‌కు రాయితీ మంజూరు చేసే అధికారులు పై కిటికీ తెరుచుకుంటోందో లేదో చూసి సంతకం పెట్టాలి. పూల మార్కెట్లలో కట్టలను చల్లార్చే గది ఉండాలి. అమ్మకం అరుగుల పక్కన పోగుపడే కుళ్లిన పూలను ఏ రోజుకారోజు, మర్నాటి సరుకు దిగకముందే ఎత్తించాలి.

— ఒక ఉద్యాన పట్టభద్రుడు, రంగారెడ్డి జిల్లా