ఒక్క పోగు, వంద ముడులు

హైదరాబాద్,
ఆదివారం

ఒరేయ్ మధూ,

మొన్న ఫోన్‌లో చిన్ని అడిగిన ప్రశ్న నన్ను వదలడం లేదు. ఆరో తరగతి పిల్లకి ఆ ఆలోచన ఎలా వచ్చిందోగానీ భలే అడిగింది: "గుణింతం తెలుగు క్లాసులో ఉంది, గుణకారం లెక్కల్లో ఉంది, మంచి గుణం అని అమ్మమ్మ అంటుంది. ఈ మూడు గుణాలూ ఒకటేనా మామయ్యా?" అవునమ్మా ఒకటే అని చెప్పి ఫోన్ పెట్టేశాను. కానీ ఎలా ఒకటో రెండు నిమిషాల్లో చెప్పే సంగతి కాదు. అందుకే ఈ ఉత్తరం. నువ్వు చదివి, దానికి అర్థమయ్యేలా చెప్పు. కొంచెం పెద్దదే అవుతుంది, తీరిగ్గా కూర్చుని చదువు.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. సంస్కృతంలో 'గుణ' అంటే పోగు. దారప్పోగు, తాడులో ఒక పేట. మంచితనం, లక్షణం, రెట్టింపు, ప్రకృతిలోని మూడు గుణాలు, ఇవన్నీ ఆ పోగు పక్కన పెట్టి చూస్తే ఒకదానికొకటి అతుకుతాయి. మనం ఆ పోగును మరిచిపోయి 'గుణం అంటే మంచి బుద్ధి' అన్న ఒక్క మూలకి ఈ మాటను తోసేశాం. నాకు బాధనిపించేది అదేరా.

పోయిన వారం పత్తర్‌గట్టి వెళ్లాం. మీ చెల్లెలి ముత్యాల దండ తెగింది, మళ్లీ గుచ్చించాలి. అక్కడ ముత్యాలు గుచ్చేవాళ్ల పని చూస్తూ ఎంతసేపైనా నిలబడొచ్చు. కళ్లు ఎత్తకుండా, ఒక్కో ముత్యం మధ్య చిన్న ముడి వేస్తూ పోతారు. దండ తయారయ్యాక దారం అస్సలు కనపడదు. కాళిదాసు మేఘదూతంలో ఒక శ్లోకం ఉంది. చర్మణ్వతీ నది మీద, అంటే ఇప్పటి చంబల్ మీద, నీళ్లు తాగడానికి నల్లమబ్బు వంగుతుంది. ఆకాశంలో తిరిగేవాళ్లకి అంత పెద్ద నదీ సన్నగా కనిపిస్తుందట, 'ఏకం ముక్తాగుణమివ భువః స్థూలమధ్యేంద్రనీలం'. నడుమ పెద్ద ఇంద్రనీలం పొదిగిన, భూమి మెడలోని ఒంటిపేట ముత్యాల హారంలాగ! ఇక్కడ ముక్తాగుణం అంటే ముత్యాల పేట. ముత్యాల మంచితనం కాదు. ఆ శ్లోకానికి ప్రసిద్ధ వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మన మెదక్ వైపు కొల్చారం వాడు. మన పక్క ఊరివాడి చెయ్యి పట్టుకునే దేశమంతా కాళిదాసును చదివిందనుకుంటే నాకు ఛాతీ ఉప్పొంగుతుంది.

నిజాం నగల్లో బస్రా ముత్యాల 'సాత్‌లడా' ఒకటి ఉంది. సాత్‌లడా అంటే ఏడు పేటల హారం. మన తెలుగు నగల మాటలు చూడు: ఒంటిపేట, రెండు పేటలు, ముప్పేట. ఈ 'పేట' అన్న చోటల్లా సంస్కృతం వాడు 'గుణం' అంటాడు. ముప్పేట అంటే త్రిగుణం. కుమారసంభవంలో పార్వతి తపస్సుకు కట్టుకున్న ముంజగడ్డి మొలతాడు కూడా 'త్రిగుణ'. అంటే మూడు పేటలుగా పేనినది. ఇప్పుడు చిన్నికి దారి దొరికినట్టే. దారాన్ని మూడు పేటలు చేస్తే ఏమైంది? మూడింతలైంది. ద్విగుణం రెట్టింపు, త్రిగుణం మూడు రెట్లు. పేటలు లెక్కపెట్టే మాటే రెట్లు లెక్కపెట్టే మాటగా మారింది. గుణించడం అంటే పేటలు వేయడం. గుణ్యం, గుణకం, గుణకారం, అన్నీ ఆ పేటల సంతానమే. చిన్నిని ఏడిపించే క.సా.గు. కూడా అంతే: కనిష్ఠ సామాన్య గుణిజం. పెద్ద క్లాసుకు వెళ్లాక తెలుగు మీడియంలో అయితే గుణశ్రేఢి వస్తుంది, ఒక్కో పదానికీ అంతే రెట్లు పెరుగుతూ పోయే వరస. భాస్కరాచార్యుడు 1150లో లీలావతి అనే లెక్కల పుస్తకం రాస్తూ ఏకం, దశం, శతం మొదలుకొని పరార్ధం దాకా పేర్లు వరసగా చెప్పి, ఇవన్నీ 'దశగుణోత్తరాః' అన్నాడు. ఒక్కొక్కటీ ముందున్నదానికి పది రెట్లు.

లెక్కల్లోనే ఇంకో ముచ్చట. ఇది చిన్నికి తప్పకుండా చెయ్యించు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహం రాశాడు. దాన్నే తర్వాత మన పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. అందులో గుణకారాల దగ్గర, ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే లబ్ధాలు వచ్చే లెక్కలు ఇచ్చి, వాటిని మెడలో వేసుకునే హారాలన్నాడు. 142857143ని 7తో గుణించమను. 1000000001 వస్తుంది. రెండు చివరలా రెండు ఒకట్లు, మధ్యలో గుండ్రటి సున్నాల వరస. నిజంగా గుచ్చిన దండలాగే లేదూ? గుణం అంటే దారం, గుణం అంటే రెట్లు, ఆ రెండూ ఒక్క లెక్కలో కలిసినట్టు అనిపించింది నాకు. మహావీరుడి మనసులో ఆ శ్లేష ఉన్నా లేకపోయినా, ఆ లెక్క చేసిన రోజు నాకు రాత్రి నిద్రపట్టలేదు.

గుణింతం కూడా ఇక్కడిదే. ఒక్క 'క'ను అచ్చులతో గుణిస్తే క, కా, కి, కీ అని వరసంతా వస్తుంది. అక్షరాల ఎక్కం అది. 

ఇప్పుడు పోగును విల్లుకు కడదాం. గుణం అంటే వింటినారి, అల్లెతాడు. మీ నాన్నగారు మనచేత అమరం, అదే సంస్కృత నిఘంటువు అమరకోశం, అప్పజెప్పించేవారు చూడు, 'మౌర్వీ జ్యా శింజినీ గుణః' అని, అదే. పడవలో తెరచాప తాళ్లు కట్టే స్తంభానికి కూడా అమరంలో గుణవృక్షం అనే పేరుంది, తాళ్ల చెట్టు అని. దాన్ని రాసిన అమరసింహుడు, ఒక్క మాటకున్న పలు అర్థాలు చెప్పే నానార్థవర్గంలో, ఈ మాట అర్థాలను అర శ్లోకంలో కుదించాడు: 'మౌర్వ్యాం ద్రవ్యాశ్రితే సత్త్వశౌర్యసంధ్యాదికే గుణః'. వింటినారి, వస్తువును ఆశ్రయించి ఉండే లక్షణం, సత్త్వం మొదలైన మూడు, శౌర్యం లాంటి మంచి లక్షణాలు, సంధి లాంటి రాజనీతి ఉపాయాలు. ఇంతకంటే పొదుపుగా ఎవరు చెప్పగలరు?

ఈ వింటినారిని పట్టుకుని హితోపదేశంలో ఒక శ్లోకం ఉంది, నేను దాన్ని ఎన్నిసార్లు తలుచుకుంటానో చెప్పలేను.

యస్య కస్య ప్రసూతోఽపి గుణవాన్ పూజ్యతే నరః
ధనుర్వంశవిశుద్ధోఽపి నిర్గుణః కిం కరిష్యతి

ఎవరికి పుట్టినా సరే, గుణం ఉన్న మనిషికి గౌరవం దక్కుతుంది. విల్లు ఎంత శుద్ధమైన వంశంలో పుట్టినా గుణం లేకపోతే ఏం చేస్తుంది? ఇందులో వంశం అంటే కులం, వంశం అంటే వెదురు కూడా. గుణం అంటే సుగుణం, గుణం అంటే నారి కూడా. మేలు రకం వెదురుతో చేసిన విల్లే కావచ్చు, నారి లేకపోతే అది ఒట్టి కర్ర. ఊళ్లో మనం చిన్నప్పుడు చూసినవి నీకు గుర్తే కదా. పుట్టుక చూసి మనిషిని గడప దగ్గరే నిలబెట్టినవాళ్లు, వాళ్లకే ఈ శ్లోకం కంఠతా వచ్చు! 'కులం కాదురా, గుణం చూడాలి' అని మనవాళ్లు మాటవరసకి అనేస్తారు. ఆ మాట వెనక ఇంత పదునైన విల్లు ఉందని పిల్లలకు చెప్పాలి. చిన్నికి ఇంకేమీ చెప్పకపోయినా ఈ ఒక్క శ్లోకం మాత్రం నేర్పు. భవభూతి కూడా ఉత్తరరామచరితలో అదే దారిలో అన్నాడు, 'గుణాః పూజాస్థానం గుణిషు న చ లింగం న చ వయః'. గుణవంతుల్లో పూజించాల్సింది గుణాలనే, ఆడా మగా అని కాదు, వయసూ కాదు.

ఇక సత్త్వరజస్తమో గుణాలు. ఇక్కడే అందరం తడబడతాం. 'వాడిది తామస గుణం', 'ఆవిడది సాత్విక స్వభావం' అని స్వభావాల కింద చెప్పేస్తాం. సాంఖ్యులకు, అంటే సాంఖ్య దర్శనం వాళ్లకు, మాత్రం అవి వస్తువు మీద అంటుకున్న లక్షణాలు కావు, వస్తువే వాటితో తయారైంది. అంటే ప్రకృతి అనే తాడును పేనిన మూడు పేటలు. అథర్వవేదం పదో కాండలో 'పుండరీకం నవద్వారం త్రిభిర్గుణేభిరావృతం' అని ఉంది. తొమ్మిది వాకిళ్ల తామర, మూడు గుణాలతో చుట్టి ఉంది. ఇక్కడివి మూడు పేటలా, లేక తర్వాతి వాళ్లు చెప్పిన ఆ మూడు గుణాలా అని పండితులు వాదించుకుంటూనే ఉన్నారు. నాకు రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. గీత పద్నాలుగో అధ్యాయం తీసి చూడు, ఈ మూడు గుణాలూ దేహిని దేహంలో 'నిబధ్నంతి', కట్టేస్తాయి అంటాడు కృష్ణుడు. గుణం అంటే తాడని తెలిస్తేనే ఆ క్రియ ఎంత సరిగ్గా కూర్చుందో తెలుస్తుంది. ఆ వెంటనే ఇంకో మాట, సత్త్వం కూడా కడుతుందట, సుఖం మీద మమకారంతో, జ్ఞానం మీద మమకారంతో. మంచిదైనా తాడు తాడే. నేను మొదటిసారి దాన్ని చదివినప్పుడు పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. చదువుకున్నామని లోపల ఉండే ఆ చిన్న తృప్తి ఉంటుంది చూడు, అదీ ఒక కట్టే.

ఈశ్వరకృష్ణుడు సాంఖ్యకారికలో ఈ మూడింటినీ దీపంతో పోల్చాడు. ఒత్తి, నూనె, మంట ఒకదానికొకటి పడనివే, అయినా కలిసే వెలుగునిస్తాయని వ్యాఖ్యాతలు విప్పి చెప్పారు. కాబట్టి ఒట్టి సత్త్వగుణం మనిషి, ఒట్టి తమోగుణం మనిషి అని ఎవరూ ఉండరు. పేటల్లో ఏది పైకి తేలిందన్నదే తేడా.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. మన అన్నంభట్టు (కాశీకి వెళ్లినంత మాత్రాన అన్నంభట్టు అయిపోడు అనే సామెత ఆయన మీదే) తర్కసంగ్రహం అనే తర్కశాస్త్ర గ్రంథంలో 24 గుణాలు లెక్కపెట్టాడు. రంగు, రుచి, వాసన, స్పర్శ, సంఖ్య ఇలా. అవన్నీ ద్రవ్యంలోనే ఉంటాయి, విడిగా నిలబడలేవు. ఆయుర్వేదంలో బరువు-తేలిక, చల్లన-వేడి లాంటి పది జంటలు, మొత్తం ఇరవై. మన ఇళ్లలో ఇది వేడి చేస్తుంది, అది చలవ చేస్తుంది అంటారు కదా, ఆ లెక్క. కౌటిల్యుడికి రాజనీతిలో సంధి, విగ్రహం, ఆసనం, యానం, సంశ్రయం, ద్వైధీభావం అనే ఆరూ గుణాలు, కలిపి షాడ్గుణ్యం.

పాణినిని మాత్రం అంత త్వరగా వదలలేను. ఆయన రాసిన సంస్కృత వ్యాకరణం అష్టాధ్యాయిలో రెండో సూత్రమే 'అదేఙ్ గుణః'. అ, ఏ, ఓ లకు గుణం అని పేరు. మొదటి సూత్రంలో ఆ, ఐ, ఔ లకు వృద్ధి అని పేరు పెట్టాడు. అచ్చు బలపడే మెట్లు ఇవి. విద్, వేదం, వైదికం. బుద్ధుడు, బోధ, బౌద్ధం. ఇ నుంచి ఏ, ఏ నుంచి ఐ. ఉ నుంచి ఓ, ఓ నుంచి ఔ. మధ్య మెట్టు గుణం. గుణసంధి అని బడిలో ముక్కున పట్టింది ఇదే. నువ్వు ఇక్కడికి వచ్చినప్పుడు సిటీ బస్సు మీద 'రాజేంద్రనగర్' బోర్డు చిన్నికి చూపించు: రాజ, ఇంద్ర, కలిస్తే ఏ. మహేంద్రా హిల్స్ బోర్డులోనూ అదే సంధి. ఊరంతా పాణిని తిరుగుతూనే ఉన్నాడు.

ఇంకొక్క అర్థం. వేదవాక్యాల అర్థాన్ని విచారించే మీమాంసకులకు గుణం అంటే ప్రధానం కానిది, ప్రధానానికి సాయపడేది. అందులోంచే 'గౌణం' వచ్చింది. పోగు తన కోసం ఉండదు, తాడు కోసం ఉంటుంది. నారి విల్లు కోసం, రంగు వస్తువు కోసం. ఇన్ని శాస్త్రాలు ఇన్ని పనులకు ఈ మాటను వాడుకున్నా, ఇంకోదాన్ని ఆనుకుని ఉంటూ దానికే బలం ఇవ్వడం అన్న ఆ పోగు బుద్ధి ఎక్కడా పోలేదనిపిస్తుంది నాకు. పెద్దమ్మకి మోకాళ్ల నొప్పికి వాడుతున్న నూనె గుణం ఇచ్చిందా అని అడుగుతాం చూడు, అక్కడా అదే. నూనెలో ఉన్న బలం మనిషికి అందిందా అని.

అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో తెలుగు టీకతో ఒక అమరం దొరికింది. చిన్నికే తీసుకున్నాను, అట్ట కొంచెం చిరిగింది, అంటించి పంపుతాను. మూడో కాండలో నానార్థవర్గం తియ్యమను. గుణం అయ్యాక 'హరి' చూడమను. యముడు, గాలి, ఇంద్రుడు, చంద్రుడు, సూర్యుడు, విష్ణువు, సింహం, గుర్రం, చిలుక, పాము, కోతి, కప్ప, అన్నిటికీ అదే పేరు. కప్పకూ విష్ణువుకూ ఒక్క పేరు ఎలా వచ్చిందో ఈసారి మీ ఇద్దరూ కలిసి ఆలోచించి నాకు ఉత్తరం రాయండి. ఫోన్ మాత్రం చెయ్యకు.

పెద్దమ్మకి నా నమస్కారాలు, చిన్నికి ముద్దులు.

నీ
రాఘవ