టైర్లు కొత్తవే, కానీ మా వ్యాన్‌కి సరిపడేవి కావు

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పేపర్ జిల్లా పేజీల్లో తరచూ ఒక వార్త చూస్తుంటాను, టైరు పేలి వ్యాన్ బోల్తా అని. ఎంతమందికి దెబ్బలు తగిలాయి, ఏ ఆస్పత్రికి తీసుకెళ్లారు, ట్రాఫిక్ ఎంతసేపు ఆగింది, ఇవన్నీ ఉంటాయి. టైరు ఎందుకు పేలిందన్నది మాత్రం ఉండదు. అది ఏ సైజు, ఎంత బరువు మోసేది, ఎప్పుడు తయారైంది, ఆ బండికి దాన్ని ఎవరు బిగించారు అని ఎవరూ అడగరు. టైరు దానంతటదే పేలిపోయినట్టు చదివేసి పేజీ తిప్పేస్తాం. నేనూ అలాగే తిప్పేసేదాన్ని, మేం వ్యాన్ కొనేవరకు.

మాది కంచరపాలెంలో చిన్న క్యాటరింగ్. వంట ఇంటి దగ్గరే వండి, పెద్ద గిన్నెలు, హాట్‌బాక్సులు, పొయ్యిలు, గ్యాస్ సిలిండర్లు, నీళ్ల క్యాన్లు అన్నీ ఎక్కించుకుని మధురవాడ, పెందుర్తి, భీమిలి, సీజన్‌లో విజయనగరం దాకా వెళ్తాం. అద్దె బండ్లకి పోసే డబ్బు చూసి చూసి చివరికి సెకండ్‌హ్యాండ్ కార్గో వ్యాన్ ఒకటి తీసుకున్నాం, మా తమ్ముడు నడుపుతాడు. నగరంలోనే ఒక డీలర్ దగ్గర కొన్నాం. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇది ఆ ఒక్క డీలర్‌తో పోయేది కాదు, ఆ తర్వాత నేను మాట్లాడిన డ్రైవర్లలో చాలామంది ఇలాంటి సంగతులే చెప్పారు.

న్యాయంగా చెప్పాలంటే ఇంజిన్ బాగుంది, ఆర్‌సీ మా పేరు మీదకి మార్పించడం కూడా వాళ్లే దగ్గరుండి చేయించారు. ధర దగ్గర బేరమాడితే మాత్రం "నాలుగు టైర్లూ బ్రాండ్ న్యూ వేసి ఇస్తున్నామమ్మా, ఇంక తగ్గించలేం" అన్నారు. నిజంగానే కొత్తవి, పేరున్న కంపెనీవి, వాటి మీద సన్నని రబ్బరు వెంట్రుకలు కూడా పోలేదు. సంతోషంగా డబ్బు కట్టి తెచ్చుకున్నాం.

కొన్నాళ్లకి వెనక ఎడమ టైరు సైడ్‌వాల్ మీద, అంటే టైరు పక్క గోడ మీద, నిమ్మకాయంత ఉబ్బు వచ్చింది. గాజువాక ఆటోనగర్‌లో టైర్ల షాపుకి తీసుకెళ్తే అక్కడి కుర్రాడు ఉబ్బుని ఒక్కసారి చూసి, కిందకి వంగి అంకెలు చదివి, "ఏటక్కా, కారు టైర్లేసీసి మీకు బండి అమ్మీసారా?" అన్నాడు. ఆ రోజు అతను ఓపిగ్గా చెప్పినది, ఆ తర్వాత నేను చదివి తెలుసుకున్నది అందరికీ తెలియాలని రాస్తున్నాను.

మా వ్యాన్ డ్రైవర్ డోరు పక్కన స్టిక్కర్ మీద ఉన్న సైజు 155 ఆర్ 13 ఎల్‌టీ, 8 పీఆర్. మాకు వేసిచ్చినది 155/65 ఆర్ 13. టైరు వెడల్పు చెప్పే 155 రెండింటిలోనూ ఉంది, రిమ్ము సైజు చెప్పే 13 రెండింటిలోనూ ఉంది, రిమ్‌కి రెండూ పడతాయి. మామూలు మనిషి చూసి తేడా చెప్పలేరు. కానీ ఎల్‌టీ అంటే లైట్ ట్రక్ టైరు, 8 పీఆర్ అన్నది దాని కట్టు ఎంత గట్టిదో చెప్పే అంకె. సైజు తర్వాత ఇంకో చిన్న అంకె ఉంటుంది, దాన్ని లోడ్ ఇండెక్స్ అంటారు, అసలు సంగతంతా అందులోనే ఉంది. మా బండికి ఉండాల్సిన టైరు మీద అది 90, అంటే ఒక్కో టైరు 600 కిలోలు మోయగలదు. డీలర్ వేసిచ్చిన వాటి మీద 73. అంటే 365 కిలోలు.

ఇప్పుడు లెక్క చూడండి. 365 చొప్పున నాలుగు టైర్లూ కలిసి మోయగలిగేది 1460 కిలోలు. మా వ్యాన్ సరుకుతో సహా ఉండదగ్గ మొత్తం బరువు, ప్లేటు మీద కంపెనీ వాళ్లు కొట్టి ఇచ్చినదే, 1500 దాటి ఉంది. అంటే రూల్ ప్రకారం లోడు వేసుకున్నా ఆ టైర్లకి ఎక్కువే. అదీగాక సరుకంతా వెనకే ఉంటుంది కాబట్టి సగం కన్నా ఎక్కువ బరువు వెనక రెండు టైర్ల మీదే పడుతుంది. మేం ఓవర్‌లోడ్ వేయలేదు, గుంతల్లో దూకించలేదు, ఆ టైరుకి ఆ బండి కింద ఉండే శక్తి మొదటి నుంచీ లేదు. సైడ్‌వాల్ ఉబ్బిందంటే లోపల దారాలు తెగాయని అర్థం, అది ఎప్పుడు పేలుతుందో ఎవరూ చెప్పలేరు. మరిగే సాంబారు గిన్నెలు, సిలిండర్లు వేసుకుని, మా తమ్ముడు, ఇద్దరు ఆడవాళ్లు అదే బండిలో హైవే మీద వెళ్లొచ్చారంటే తలుచుకుంటే ఇప్పటికీ నాకు వణుకు వస్తుంది.

ఇంకో సంగతి. ఆ కారు టైరు ఎత్తు కూడా తక్కువ. రెండు సైజులూ లెక్క వేసుకుంటే అసలు టైరు కన్నా సుమారు ఐదు సెంటీమీటర్లు పొట్టి. చక్రం చిన్నదైతే ఎక్కువసార్లు తిరుగుతుంది, మీటరు 100 కిలోమీటర్లు చూపిస్తే నిజంగా బండి వెళ్లింది దాదాపు 91. కొన్న కొత్తలో మైలేజీ బాగా వస్తోందని మా తమ్ముడు తెగ సంబరపడ్డాడు, డీలర్ కూడా ఫోన్లో "చూశారా, మంచి బండి ఇచ్చాం" అన్నారు. ఆ మైలేజీ నిజం కాదు. పైగా బండి కింద ఖాళీ రెండున్నర సెంటీమీటర్లు తగ్గిపోయింది, మన వీధుల్లో స్పీడ్ బ్రేకర్ల సంగతి మీకు తెలియనిది కాదు.

సరే, డీలర్ దగ్గరికి వెళ్లాం. అమ్మేటప్పుడు కాఫీ ఇచ్చి కూర్చోబెట్టినవాళ్లు ఈసారి కౌంటర్ దగ్గరే నిలబెట్టి మాట్లాడారు. "వారంటీ ఇంజిన్‌కి, గేర్‌బాక్స్‌కేనమ్మా, టైర్లు, బ్యాటరీ, బ్రేక్ ప్యాడ్లు అరిగే వస్తువులు కదా, వాటికి రాదు" అన్నారు. నా బాధంతా ఈ మాట దగ్గరే. అరిగిపోయిన టైరు మార్చమని మేం అడగలేదు. బండికి పనికిరాని టైరు వేసి అమ్మారు, అది అమ్మిన రోజు నుంచే తప్పు. దానికీ వారంటీ కార్డుకీ సంబంధం ఏముంది? పోనీ టైర్ల కంపెనీని అడగమన్నారు. కంపెనీ గ్యారంటీ తయారీలో లోపానికి, అది కూడా బిల్లు ఉంటే. టైరులో లోపం లేదు, అది కారు టైరుగా మంచి టైరే. బిల్లేమో డీలర్ పేరు మీద ఉంది, మాకు కాపీ ఇవ్వలేదు. ఇక ఎవరి తలుపు తట్టాలి?

మాకంటే పెద్ద వ్యాపారులకి లాయర్లు ఉంటారు, మాలాంటి వాళ్లు ఇక్కడే ఆగిపోతారు. అందుకే తెలుసుకున్నది రాస్తున్నాను. వ్యాపారం కోసం కొన్నారు కాబట్టి మీరు వినియోగదారులు కారు అని డీలర్లు బెదిరిస్తారు, మాకూ చెప్పారు. అది పూర్తి నిజం కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఉంది, సొంతంగా పని చేసుకుని పొట్ట పోసుకోవడానికి మాత్రమే కొనుక్కున్నవాళ్లు వినియోగదారుల కిందకే వస్తారు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, కొన్న వస్తువు విలువ ఐదు లక్షల లోపైతే ఫీజు కూడా ఉండదు, రెండేళ్లలోపు వెళ్లాలి. నేను 1915 సంగతి, చట్టం సంగతి రాసి, డోరు స్టిక్కర్ ఫోటో, టైరు అంకెల ఫోటో జోడించి డీలర్‌కి ఒక ఉత్తరం ఇచ్చి అందినట్టు సంతకం పెట్టించుకున్నాను. మరుసటి వారం పిలిచి, పాత టైర్లు వెనక్కి తీసుకుని, సరైన టైర్లకి సగం ఖర్చు వాళ్లు పెట్టుకున్నారు. సగమే. పెళ్లిళ్ల సీజన్ ముందు బండి ఆపుకోలేక ఒప్పుకున్నాం. పూర్తిగా ఇవ్వాల్సిన బాధ్యత వాళ్లదేనని ఇప్పటికీ అంటాను.

ఇక టైర్లు ఎంచుకోవడం. కార్గో వ్యాన్ ఉన్నవాళ్లు ముందు డోరు స్టిక్కర్ చదవాలి, అది చిరిగిపోతే బండితో వచ్చిన పుస్తకం చూడాలి, షాపు వాళ్ల నోటి మాట మీద కొనకూడదు. సైజు ఎంత ముఖ్యమో లోడ్ ఇండెక్స్ అంత ముఖ్యం, అది స్టిక్కర్‌లో ఉన్నదానికి సమానంగానో ఎక్కువగానో ఉండాలి గానీ ఒక్క అంకె కూడా తగ్గకూడదు. ఐఎస్‌ఐ గుర్తు దగ్గర ఉండే నంబరు కూడా ఒక ఆనవాలు: కారు టైర్లకి ఐఎస్ 15633, కమర్షియల్ బండ్ల టైర్లకి ఐఎస్ 15636. ఈ ఒక్క అంకె తెలిసి ఉంటే మేం షోరూమ్‌లోనే పట్టుకునేవాళ్లం, కానీ ఆ సంగతి చెప్పాల్సింది అమ్మేవాళ్లు.

తయారీ తేదీ కూడా టైరు మీదే ఉంటుంది, డీఓటీ అనే అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగు అంకెలు. 2319 అని ఉంటే 2019లో 23వ వారం. సెకండ్‌హ్యాండ్ బండ్లలో టైరు మీది గాడులు లోతుగా ఉండి, నల్ల పాలిష్‌తో నిగనిగలాడే టైరు కూడా ఏడెనిమిదేళ్ల ముసలిది కావచ్చు. ఎక్కువ తిరగకుండా ఎండలో నిలబెట్టిన బండ్ల టైర్లు అలాగే ఉంటాయి, రబ్బరు గట్టిపడి సైడ్‌వాల్ మీద సన్నని పగుళ్లు వస్తాయి. గోరుతో నొక్కి, వంగి చూస్తే తెలుస్తుంది. గాడుల మధ్యలో చిన్న గట్లు ఉంటాయి, టైరు ఆ గట్ల దాకా అరిగితే లోతు 1.6 మిల్లీమీటర్లే మిగిలిందని, ఇక మార్చాలని. కానీ మన ఊళ్లో అంతదాకా ఆగడం నాకు ఇష్టం లేదు. అక్టోబరు, నవంబరు వాయుగుండం వానల్లో ఎన్ఏడీ జంక్షన్ నుంచి గాజువాక వెళ్లే రోడ్డు మీద నీళ్లు నిలిస్తే, లోతు లేని టైరు ఆ నీళ్లని పక్కకి తోయలేక బండి తేలిపోతుంది. అరకు, సింహాచలం కొండ ఎక్కి దిగేవాళ్లకి చెప్పనే అక్కర్లేదు.

ఉప్పు గాలి ఇంకో శత్రువు. బీచ్ రోడ్డు వైపు, ఫిషింగ్ హార్బర్ వైపు తిరిగే బండ్లకి రిమ్ము అంచు తుప్పు పట్టి, ట్యూబ్‌లెస్ టైరు అక్కడ సరిగ్గా కూర్చోక గాలి నెమ్మదిగా దిగిపోతుంటుంది. పంక్చర్ లేదు, అయినా గాలి తగ్గుతోంది అంటే టైరు తీయించి రిమ్ము గీకించి శుభ్రం చేయించాలి. గాలి తక్కువైన టైరు మడిచినట్టు నలుగుతూ తిరుగుతుంది, వేడెక్కుతుంది, లోడు వ్యాన్‌లో ఎక్కువ టైర్లు పేలేది ఆ వేడికే. బండి నడిచాక కాదు, పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూడాలి, ఖాళీ బండికి ఎంత, లోడుకి ఎంత అని స్టిక్కర్ మీద విడివిడిగా ఉంటే అలాగే పెట్టాలి. రెండే టైర్లు మార్చే స్తోమత ఉంటే కొత్తవి వెనక వేయాలి, మనవాళ్లు చాలామంది ముందు వేయిస్తారు. తడి రోడ్డు మీద వెనక టైర్లు జారితే బండి తిరిగిపోతుంది, డ్రైవర్ చేతిలో ఇక ఏమీ ఉండదు.

నేను అడిగేది పెద్దదేం కాదు. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్లు అమ్మే డీలర్లు రవాణా శాఖ దగ్గర అనుమతి పత్రం తీసుకోవాలని కేంద్రం నిబంధన పెట్టింది. మంచిదే, దానివల్ల ఆర్‌సీ గొడవలు తగ్గుతాయి. కానీ అవి కాగితాల చుట్టూ తిరిగే నిబంధనలు. బండి అప్పగించేటప్పుడు ఒక పేజీ రాసివ్వాలని కూడా చేర్చాలి: నాలుగు టైర్లు, స్టెప్నీ సైజు, లోడ్ ఇండెక్స్, తయారీ వారం, బండి స్టిక్కర్ మీద ఏముందో, వేసినది ఏమిటో, కింద డీలర్ సంతకం. కొత్త టైర్లు వేశామని చెప్పి ధర పెంచితే వాటి బిల్లు కొన్నవాళ్ల పేరు మీద ఇవ్వాలి. అమ్మాక సర్వీసు అంటే ఉచితంగా ఆయిల్ మార్చడం కాదు, తాము బిగించిన వస్తువుకి తాము జవాబు చెప్పడం. ఫిట్‌నెస్ చూసే అధికారులు కూడా టైరు అరిగిందా లేదా అని మాత్రమే కాకుండా ఆ అంకె చదవాలి, అర నిమిషం పని.

మీ విలేఖరులకి కూడా ఒక విన్నపం. ఈసారి టైరు పేలి వ్యాన్ బోల్తా పడిన చోటికి వెళ్తే, ఆ టైరు మీది లోడ్ ఇండెక్స్, తయారీ వారం ఫోటో తీసి, బండి డోరు మీది స్టిక్కర్ పక్కన పెట్టి వేయండి.

ఇట్లు,
ఒక క్యాటరింగ్ నిర్వాహకురాలు,
కంచరపాలెం, విశాఖపట్నం.