మిషన్ యాత్ర గురించి శనివారం సమావేశం

ప్రియమైన సహోదరీ సహోదరులందరికీ ప్రభువు పేరిట వందనాలు.

మన సంఘ యువత వేసవిలో వారం రోజులు మధ్య అమెరికా దేశమైన హోండురాస్ వెళ్లి ఇళ్లు కట్టాలనుకుంటున్న సంగతి మీకు తెలుసు. దీనిపై నిర్ణయం తీసుకోవడానికి ఈ శనివారం సాయంత్రం 6 గంటలకు చర్చి హాలులో సమావేశం ఉంటుంది. వెళ్లదలచినవారు, వారి తల్లిదండ్రులు, కానుక ఇవ్వదలచినవారు అందరూ దయచేసి రావాలి.

వచ్చేముందు ఒక విషయం ఆలోచించండి. 1998లో మిచ్ తుపాను ఆ దేశాన్ని ధ్వంసం చేశాక ఉత్తర అమెరికా నుంచి ఎన్నో క్రైస్తవ బృందాలు వెళ్లి ఇళ్లు కట్టాయి. అక్కడే నివసించిన సామాజిక శాస్త్రవేత్త కర్ట్ వెర్ బీక్, ఆ ఇళ్లు పొందిన కుటుంబాలనూ స్థానిక సంస్థలు కట్టించిన ఇళ్లలోని కుటుంబాలనూ పోల్చి చూస్తే, వారి జీవితాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ప్రయాణ ఖర్చులతో కలిపి బృందం కట్టిన ఇంటికి సుమారు 30,000 డాలర్లు అయితే, స్థానికంగా దాదాపు 2,000 డాలర్లకే ఇల్లు పూర్తయ్యేది. వెళ్లొచ్చినవారిలో చాలామంది తాము మారామని చెప్పినా, తర్వాతి సంవత్సరాల్లో వారి కానుకలు పెద్దగా పెరగలేదు.

యాత్ర మానేద్దామని నేను అనడం లేదు. అయితే అక్కడి తాపీమేస్త్రీకి దక్కవలసిన కూలి మన వల్ల పోకూడదని, తిరిగి వచ్చాక కనీసం రెండేళ్లపాటు మనం ఇళ్లు కట్టే చోటి సంఘంతో సంబంధం నిలుపుకోవాలని నా మనవి.

ఆ సంఘానికి నిజంగా ఏం కావాలో మనం ఎవరిని అడగాలి, ఎలా అడగాలి అన్నదానిపై మీ ఆలోచనను గురువారం లోపు ఈ గ్రూపులో రాయండి. శనివారం వరకు ఎవరూ విమాన టికెట్లు కొనవద్దు.