చట్టం ఉంది, గ్రీజు లేదు

సంపాదకులకు,

వానలకు ముందు ప్రాజెక్టుల తనిఖీ పూర్తయిందనీ, గేట్లన్నీ భేషుగ్గా ఉన్నాయనీ అధికారులు సెలవిచ్చినట్టు గత వారం మీ పత్రికలో వచ్చింది. ప్రకాశం జిల్లా గుండ్లకమ్మ ప్రాజెక్టు గేట్లూ భేషుగ్గానే ఉండేవి కాబోలు. 2022 ఆగస్టులో ఒకటి, మరుసటి ఏడాది డిసెంబరులో ఇంకొకటి కొట్టుకుపోయాయి. రెండూ ఆనకట్టల భద్రతా చట్టం వచ్చాకే!

కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది 2021 నవంబరు 19న. రాజ్యసభ ఈ బిల్లును ఆమోదించింది డిసెంబరు 2న. వానలకు ముందొకసారి, తర్వాతొకసారి తనిఖీ చేయాలని, నిర్వహణకు సరిపడా నిధులు కేటాయించాలని అందులో రాసుకున్నారు. తనిఖీల ఫొటోలు వస్తున్నాయి, నిధుల ఊసే వినపడదు.

తనిఖీ అంటే స్పిల్‌వే (వరద నీరు వదిలే గేట్ల వరుస) వంతెన మీద జీపు ఆపి కిందికి తొంగిచూడటం కాదు. నీరు క్రెస్ట్ (గేటు అడుగు ఆనే గట్టు) కిందికి దిగినప్పుడే ప్రతి గేటునూ పూర్తిగా ఎత్తి దించాలి. గేటును ఎత్తే ఇనుప తాళ్లకున్న పాత జిడ్డు గోకి, తీగలు తెగాయేమో చూసి, అప్పుడు తాళ్లకు పూసే గ్రీజు, కార్డియం కాంపౌండ్ పట్టించాలి. పాతదాని మీదే కొత్తది పులిమితే లోపలి తుప్పు ఎవరికీ కనపడదు. గేటు వెనక అడ్డ గర్డర్లకు నీళ్లు కారిపోవడానికి బెజ్జాలుంటాయి. మట్టి, ఆకులు చేరి అవి పూడితే నీళ్లు అక్కడే నిలిచి ఇనుము పొరలు పొరలుగా లేస్తుంది. పైన రంగేస్తే ఫొటోకు బాగానే ఉంటుంది. ఆ బెజ్జాలు పొడవడానికి ఒక చువ్వ, ఒక లస్కరు (గేట్లు చూసుకునే కింది ఉద్యోగి) చాలు. చువ్వ దొరుకుతుంది. లస్కరు రిటైరైతే ఆ కుర్చీలో మళ్లీ ఎవరినీ కూర్చోబెట్టరు.

గేటు పోతే నీటికి అడ్డంగా దించే ఇనుప పలకలు, అదే స్టాప్‌లాగ్‌ల సంగతి సరేసరి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర 19వ గేటు గొలుసు తెగితే, అప్పటికప్పుడు వాటిని తయారు చేయించి దించడానికి వారం పట్టింది. ఈలోగా పదుల టీఎంసీలు నదిపాలు.

ఈ చట్టం కింద ఢిల్లీలో అథారిటీ, జాతీయ కమిటీ, రాష్ట్ర కమిటీ, రాష్ట్ర సంస్థ: కుర్చీలకు లోటు లేదు. అధికారుల పనికి అడ్డొస్తే ఏడాది జైలు, ప్రాణాలు పోతే రెండేళ్లు అని రాశారు. కట్ట తెగి ఇల్లూ గొడ్డూ పోయినవాడికి పరిహారం ఎవరివ్వాలో మాత్రం రాయలేదు.

గేట్లు అంత భేషుగ్గా ఉంటే ఆ నివేదికను దిగువ ఊళ్ల పంచాయతీ బోర్డుకు అంటించండి. ఏ గేటు ఎన్ని అడుగులు లేచింది, ఎత్తేటప్పుడు మోటారు నిరుటికంటే ఎన్ని ఆంపియర్ల కరెంటు ఎక్కువ లాగింది (ఎక్కువ లాగితే గేటు బిగుసుకుంటోందన్నమాట), జనరేటర్‌లో ఎన్ని లీటర్ల డీజిల్ ఉంది? ఆ మూడు అంకెలు చాలు.

ఇట్లు,
ఒక పాఠకుడు