బోరు లేని రేగుచెట్టు గురించి మంత్రిగారికి నాలుగో అర్జీ

గౌరవనీయులైన ఉద్యాన మంత్రిగారికి,

నమస్కారం. ఇంతకుముందు మూడు అర్జీలు కన్నడంలో పెట్టుకున్నాను. ఒక్కదానికీ జవాబు లేదు. ఎలాగూ రాదన్నప్పుడు ఇంట్లో మాట్లాడే భాషలోనే రాద్దామని ఈసారి తెలుగులో, పదిమందీ చదివేలా రాస్తున్నాను. పొలంలో పళ్లతోట పెట్టుకోవడానికి మొక్కలిచ్చే పథకం మీదే కాబట్టి దాని గురించి మీకు చెప్పక్కర్లేదు. ఫారంలో 'నీటి వసతి' అని ఒక గడి ఉంది చూడండి, నా గోడు అంతా ఆ గడి గురించే.

బెంగళూరులో చిన్న ప్రొవిజన్ కొట్టు నడుపుకుంటున్నాను. పొలం పావగడ తాలూకాలో, రెండెకరాలు. వేరుశనగ వేసి వేసి మా నాయన అప్పులపాలయ్యాడు. రెండు బోర్లు వేయించాం. రెండోది 780 అడుగులు దిగినా దుమ్ము తప్ప ఏమీ రాలేదు. చుట్టుపక్కల చాలామంది సోలార్ పార్కుకి పొలాలు కౌలుకిచ్చేశారు, మాది ఆ హద్దులోకి రాలేదు. అందుకే రేగు తోట పెడదామనుకున్నాను. నీళ్లు లేవు కాబట్టే రేగు. ఈ ఒక్క ముక్క మీవాళ్లకి ఎంత చెప్పినా ఎక్కడం లేదు సార్.

బోరు పత్రం తెమ్మన్నారు. లేదన్నాను. పక్క పొలం బోరు నుంచి నీళ్లిస్తారని ఒప్పంద పత్రం తెమ్మన్నారు. కాళ్లూ వేళ్లూ పట్టుకుని తెచ్చాను. ఆ బోరు కరెంటు మీటరు బిల్లు కావాలన్నారు. అదీ తెచ్చాను. చివరికి, బోరులోంచి నీళ్లు పడుతున్నట్టు ఫొటో కావాలన్నారు. ఫొటోలో నీళ్లు రావాలంటే ముందు బోరులో రావాలి కదా! 2024 మార్చిలో ఈ బెంగళూరులోనే బోర్లెండిపోయి ట్యాంకర్ల వెంట బిందెలు పట్టుకుని పరిగెత్తాం. అప్పుడు మీరు మమ్మల్ని ఫొటోలు అడగలేదు, సంతోషం.

మొదటి ఏడాది రెండేళ్లు చిన్న మొక్కకి నీళ్లు పోయాలి, నేనూ కాదనను. ఆరు మీటర్లకొకటి నాటితే ఎకరాకి 110 మొక్కలు. ట్రాక్టరు మీద డ్రమ్ములు తెచ్చి పోసుకుంటాను. ఫారంలో డ్రమ్ముకి గడి లేదట.

కిందటి జనవరిలో మీ సారొకాయన పొలం చూడటానికి వచ్చారు. గట్టు మీద ఒక రేగుచెట్టుంది. అడవి రేగు మొదలుకి మా నాయన కన్నంటు కట్టి పెంచిన చెట్టు. నాకు గుర్తున్నంతలో దానికి ఎవరూ చెంబెడు నీళ్లు పోయలేదు. ఎండలు ముదిరేసరికి ఆకంతా రాల్చేసి పడుకుంటుంది. అప్పుడు కొమ్మలు కొట్టేస్తాం. వానలకి కొత్త రెమ్మలేసి, వాటి మీదే పూసి, సంక్రాంతికి కాయనిస్తుంది. ఆ చెట్టు నీడలోనే నిలబడ్డారు సారు. రేగు ముళ్ల సంగతి తెలుసు కదా, జతగా ఉంటాయి, ఒకటి నిటారు, ఒకటి కొక్కెం. ఆ కొక్కెం ఆయన చొక్కా చేతిని పట్టుకుంది. విడిపించుకుంటూనే నాలుగు పళ్లు కోసి నోట్లో వేసుకున్నారు. బాగున్నాయని ఇంకో రెండు గుప్పిళ్లు రుమాల్లో మూటకట్టుకున్నారు. అప్పుడు అడిగారు, 'బోరెక్కడ?' అని.

చెట్టుని చూపించాను. ఆయన నవ్వారు. తర్వాత ఫారం మీద 'నీటి వసతి లేదు' అని రాసుకుని వెళ్లారు.

ఇంకో సంగతి. చాలా రేగు రకాలకి తమ పుప్పొడితోనే కాయ సరిగ్గా నిలవదు, రెండు రకాలు కలిపి నాటాలి. నేను ఉమ్రాన్, గోలా రెండూ రాస్తే ఒక్క రకమే రాయమని కొట్టేశారు. ఇది చిన్న విషయం లెండి. మొక్కలే రానప్పుడు రకాల గొడవెందుకు?

సంక్రాంతికి గాంధీ బజార్‌లో ఎలచి పళ్లు, అంటే మన రేగుపళ్లే, కొని మీ ఇళ్లల్లోనూ పిల్లల తల మీద పోస్తారు కదా సార్. ఆ పళ్లు ఏ బోరు కింద కాశాయో ఒకసారి అడిగి చూడండి. ఆ గడి తీసేయండి, లేదా డ్రమ్ముకో గడి పెట్టండి, లేదా ఏం చెయ్యాలో మీరే చెప్పండి. ఏదైనా సరే, వానల్లోపు చెప్పండి. నాలుగో అర్జీ సార్ ఇది.

అదీ కుదరకపోతే, ఆ సారు రుమాల్లో తీసుకెళ్లిన పళ్ల గింజలు పారేయకుండా ఉంటే పంపించమనండి. పొలంలోనే గింజ పాతుకుని, మొలిచాక మా నాయనలాగే అంటు కట్టుకుంటాను.

ఇట్లు,
పావగడ తాలూకా రైతు, ప్రస్తుతం బెంగళూరు