రస్సెల్ బ్లాకులు ఎవరు లెక్కపెట్టారండీ?

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ స్పోర్ట్స్ పేజీలో బాస్కెట్‌బాల్ రావడమే అరుదు, పోన్లే ఇన్నాళ్లకి వేశారు అని సంబరంగా చదువుతుంటే కింద ఎన్‌బీఏలో (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) ఎక్కువ బ్లాకులు, అంటే అవతలివాడు రింగుకి వేసిన బాల్‌ని మధ్యలోనే చేత్తో ఆపేయడాలు, చేసినవాళ్ల లిస్టు బాక్సు కట్టి వేశారు. హకీమ్ ఒలాజువాన్ 3830, ముటోంబో 3289, కరీం అబ్దుల్ జబ్బార్ 3189. అంకెలు కరెక్టే, కానీ దానికి ‘ఆల్ టైమ్ బెస్ట్ డిఫెండర్లు’ అని హెడ్డింగ్ పెట్టారు చూడండి, అక్కడ మండింది నాకు. బిల్ రస్సెల్ ఏడండీ? 13 సీజన్లు ఆడి 11 టైటిళ్లు కొట్టినాయన అందులో లేడంటే బ్లాకులు చెయ్యక కాదు, ఎన్‌బీఏ వాళ్లు బ్లాకులు లెక్కపెట్టడం మొదలెట్టిందే 1973-74లో, ఈయన 1969లోనే ఆట మానేశాడు. ఆ కాలం సెంటర్ చాంబర్లిన్‌దీ అదే కథ. కరీంకి కూడా మొదటి నాలుగు సీజన్లు లెక్కలోకి రాలేదు.

పైగా రస్సెల్ బాల్‌ని గ్యాలరీలోకి బాదేరకం కాదు, మెల్లగా తట్టి తన టీమ్ వాడి చేతిలో పడేసేవాడు, అటునుంచి అటే ఫాస్ట్ బ్రేక్, అవతలివాళ్లు సర్దుకునేలోపు ఎదురు పరుగు. స్టాట్ షీట్‌లో మాత్రం బాదినా ఒకటే, తట్టినా ఒకటే.

నేను తొంభైల్లో గుంటూరులో కాలేజీ టీమ్‌కి పివట్ ఆడినవాణ్ణి (రింగు దగ్గర ఆడే పొడుగువాణ్ణి, అంటే సెంటర్‌ని, మేం అలాగే అనేవాళ్లం), 6 అడుగుల 2 అంగుళాలు, మా ఊరి లెక్కలో అదే తాడిచెట్టు. మా కోచ్ గారు చెప్పేది ఒక్కటే, రింగు వదిలి రాకురా, చేతులు దించకురా. అవతలి పివట్ కూడా రింగు కిందే ఉండేవాడు కాబట్టి వీపులు ఆనించి తోసుకోవడంతోనే సరిపోయేది. అక్కడ ఎన్‌బీఏలో మార్క్ ఈటన్ చేసిందీ ఇంచుమించు అదే, కాకపోతే ఆయన 7 అడుగుల 4 అంగుళాలు! 1984-85లో ఒక్క సీజన్‌లో 456 బ్లాకులు, ఇప్పటికీ రికార్డు. కానీ అప్పట్లో ఒక్కో టీమ్ మ్యాచ్‌కి వేసే త్రీలు (దూరంగా ఉన్న గీత బయటినుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) సగటున మూడు, ఇప్పుడు 35కి పైనే వేస్తున్నారు, అంటే ఇప్పటి పివట్లు కూడా బయటికొచ్చి త్రీ కొడుతుంటే ఈటన్ లాంటాయన రింగు కింద ఎవరికి కాపలా కాయాలి?

రూల్స్ కూడా మారాయి కదా. 2001 దాకా జోన్ డిఫెన్స్ (మనిషిని కాకుండా చోటుని కాయడం) ఆడనిచ్చేవాళ్లు కాదు, తర్వాత ఒప్పుకున్నారు గానీ ఎవర్నీ గార్డ్ చెయ్యకుండా పెయింట్‌లో (రింగు ముందు గీతల మధ్య చోటు) మూడు సెకన్లు దాటి నిలబడకూడదని మెలిక పెట్టారు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే మొన్న ఆదివారం పొద్దున ఇంటర్ చదివే మావాడితో గ్రౌండ్‌కి వెళ్లా. వాడి ఫ్రెండు స్క్రీన్ పెట్టాడు, అంటే నా దారికి అడ్డం నిలబడ్డాడు, నేను అలవాటు ప్రకారం రెండడుగులు వెనక్కేసి చేతులెత్తి రింగు దగ్గర నిలబడ్డా, మావాడు త్రీ లైన్ బయటే ఆగి తాపీగా వేశాడు, పడింది. సరే అని ఈసారి ముందుకెళ్తే పక్కనుంచి దూరిపోయి రింగు దగ్గరికెళ్లి లేఅప్ వేసేశాడు. మూడోసారి ‘నాన్నా నువ్వు అక్కడే ఉండు, నేను ఇక్కణ్ణుంచే వేస్తా’ అన్నాడు, నా మోకాళ్ల మీద జాలేసి. ఇప్పటి సెంటర్ గోబేర్ నాలుగుసార్లు డిఫెన్సివ్ ప్లేయర్ ఆఫ్ ద ఇయర్ అయినా జనం తిట్టేది ఇక్కడే, బయటికి లాగితే కష్టపడతాడని. ఏడడుగుల మనిషి త్రీలకి పేరుమోసిన స్టెఫ్ కరీ ముందు నిలబడి మళ్లీ రింగు దగ్గరికి పరిగెత్తడమంటే మాటలా.

అందుకే ఏ కాలంలో వేసినా నిలబడేవాడు ఎవరంటే నేను హకీమ్ అంటా. ఈ మాట 3830 చూసి అనట్లేదు, దాని పక్కన 2162 స్టీల్స్ (అవతలివాళ్ల నుంచి బాల్ లాక్కోవడాలు) ఉన్నాయి చూడండి, ఆ రెండూ రెండేసి వేలు దాటినవాడు ఇంకొకడు లేడు. లాగోస్‌లో చిన్నప్పుడు హ్యాండ్‌బాల్, ఫుట్‌బాల్ గోల్‌కీపర్‌గా ఆడిన కాళ్లవి. మావాడు మాత్రం ఇప్పటి కుర్ర సెంటర్ వెంబన్యామా అంటాడు, మొదటి సీజన్‌లోనే మ్యాచ్‌కి 3.6 బ్లాకులు, అదీ ఇన్ని త్రీలు పడే రోజుల్లో. కాదనను, కానీ ఇంకా కుర్రాడు, ఒక పదేళ్లు ఆడనివ్వండి.

ఈసారి ఆ లిస్టు వేసేటప్పుడు కింద చిన్నక్షరాల్లో అయినా సరే ‘1973-74కి ముందువి లెక్కలో లేవు’ అని ఒక్క లైను వెయ్యండి సార్.

ఇట్లు,
ఒక పాత పివట్, బ్రాడీపేట, గుంటూరు