ఈ ఆదివారం విస్కాసిటీ క్లాసు ఎందుకు జరగడం లేదంటే

మన స్టూడియోకి ఏళ్లుగా వస్తున్నవాళ్లకి వాట్సాప్‌లో రెండు ముక్కలు పెట్టి ఊరుకోవడానికి మనసొప్పలేదు. ఈ ఆదివారం మొదలవ్వాల్సిన విస్కాసిటీ ప్రింటింగ్ క్లాసు వాయిదా వేశాను. తొమ్మిదిమంది డబ్బు కట్టేశారు. వాళ్లలో ఒకావిడ వరంగల్ నుంచి రావడానికి రైలు టికెట్ కూడా తీసుకున్నారు.

ఈ పద్ధతి తెలియనివాళ్ల కోసం చెబుతాను. విస్కాసిటీ అంటే ఇంకు చిక్కదనం. ఒకే లోహపు ప్లేటు మీద రెండు మూడు రంగులు వేసి, ఒక్కసారే ప్రెస్సులో లాగుతాం. ముందు ప్లేటును రకరకాల లోతుల్లో యాసిడ్‌తో తినిపించి, గీతల్లో ఒక రంగు కూరి తుడుస్తాం. నూనె బాగా కలిపిన పల్చటి ఇంకును గట్టి రోలర్‌తో ఎత్తుగా ఉన్న భాగాలకి పట్టిస్తాం. ఆ తర్వాత చిక్కటి ఇంకును మెత్తటి రోలర్‌తో పల్లాల్లోకి దింపుతాం. నూనె ఇంకు ఉన్నచోట చిక్కటిది అంటుకోదు, కాబట్టి రంగులు విడివిడిగా నిలుస్తాయి. పారిస్‌లోని అటెలియే 17 అనే ప్రింట్ స్టూడియోలో దీన్ని తీర్చిదిద్దినవాళ్లలో ప్రింట్ కళాకారుడు కృష్ణారెడ్డి గారు ఒకరు. ఆయన 1925లో మన చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టారు. తెలుగు మనిషి చేతిలో పెరిగిన పనిని తెలుగులో నేర్పే చోటు ఒకటి ఉండాలని నా పట్టుదల.

అంతా ఆ రెండు రోలర్ల మీదే ఆధారపడి ఉంటుంది. ఒకటి గట్టిది, ఒకటి మెత్తది. పాతవాటికి కొత్త రబ్బరు వేయించడానికి ఒక షాపువాళ్లకి ఇచ్చి, ఏది ఎంత మెత్తగా ఉండాలో కాగితం మీద రాసి మరీ ఇచ్చాను. సగం డబ్బు ముందే తీసుకున్నారు. రెండు వారాలన్నది ఏడు వారాలైంది. వచ్చినవి చూడటానికి బ్రహ్మాండంగా ఉన్నాయి. ప్రూఫ్, అంటే మచ్చు ప్రింటు తీస్తే మాత్రం పల్లాల్లో రంగు పడదు. ఇంకు మరీ బిగుసుకుందేమోనని అవిసె నూనె చుక్క చుక్క పెంచాం. అప్పుడు రెండు రంగులూ కలిసిపోయి బురదలా వచ్చింది. పదకొండు ప్రూఫులు, మూడు రోజులు, మంచి కాటన్ కాగితం అంతా పోయింది. చివరికి గట్టిదనం కొలిచే మీటరు తెచ్చి పెడితే రెండు రోలర్లూ ఒకే అంకె చూపించాయి. రెండూ గట్టివే.

షాపువాళ్లకి ఫోన్ చేస్తే “అంత తేడా ఎవరు చూస్తారండీ” అన్నారు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. ఇరవై రెండేళ్లుగా నేను చూస్తున్నది ఆ తేడానే.

నూనె తప్పు కలిపావని మా స్టూడియోలో పనిచేసే అమ్మాయిని ఆ మూడు రోజుల్లో గట్టిగా కోప్పడ్డాను. తప్పు తనది కాదు. తనకి క్షమాపణ చెప్పాను, ఆ ప్రూఫులు చూసినవాళ్లు మీలోనూ ఉన్నారు కాబట్టి ఇక్కడ కూడా చెబుతున్నా.

క్లాసు ఆపాలా వద్దా అని నాలుగు రాత్రులు నిద్రలేదు. స్టెన్సిల్ పెట్టి మూడో రంగు వేసేయండి, ప్రింటు అందంగానే వస్తుంది కదా అని ఒక మిత్రుడు సలహా ఇచ్చారు. నిజమే, అందంగానే వస్తుంది. కానీ ఇంకుని ఇంకు తోసెయ్యడం కళ్లారా చూడటానికే మీరు వస్తున్నారు. అది చూపించకుండా విస్కాసిటీ పేరుతో డబ్బు తీసుకోవడం నావల్ల కాదు. అద్దె కట్టాల్సిన నెలలో ఈ మాట రాయడం తేలిక కాదు, అయినా రాస్తున్నా.

డబ్బు వెనక్కి కావాలన్నవాళ్లకి మొత్తం ఇచ్చేస్తాను, కారణం అడగను. వరంగల్ ఆవిడ టికెట్ ఖర్చు నాదే. ఇక ఆదివారం స్టూడియో తెరిచే ఉంటుంది. విడిగా ఫీజు లేకుండా కొలాగ్రాఫ్ చేద్దాం: అట్టముక్క మీద ఇసుక, ఎండుటాకులు, పాత చీర అంచులు జిగురుతో అతికించి, వార్నిష్ పూసి, ఆరాక ఇంకు పట్టించి లాగడం. ముందే వార్నిష్ పూసి ఆరబెట్టిన ప్లేట్లు నా దగ్గర కొన్ని ఉన్నాయి, మీ ప్లేటు ఆరేలోగా వాటితో మొదలుపెట్టొచ్చు. పల్చటి నేపాలీ కాగితాన్ని మైదా జిగురుతో ప్రింటులోనే కలిపేసే షీన్ కొలే కూడా చూపిస్తాను.

మెత్తటి రోలర్ ఈసారి వేరేచోట చేయిస్తున్నాను, ఎక్కువ డబ్బైనా సరే. ఫీజు మాత్రం పెంచను. అది వచ్చాక మొదటి ప్రూఫ్ మీ ముందే తీస్తాను, మీటరు కూడా బల్ల మీదే ఉంటుంది.